పొద్దుతిరుగుడు కొనుగోలు కేంద్రాలు కోతకు ముందే తెరవాలి

సంపాదకులకు,
నమస్కారం.

సిద్దిపేట జిల్లాలో యాసంగికి పొద్దుతిరుగుడు వేసే రైతును. పంట చేతికొచ్చే వేళకు ప్రభుత్వ కొనుగోలు కేంద్రాలు తెరుచుకోకపోవడం, తెరిచినా కోటా నిండిందని కొద్ది రోజులకే మూసివేయడం గురించి మీ పత్రిక ద్వారా అధికారుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

నిరుడు రెండెకరాల్లో ఈ పంట వేశాను. పూలు కోసి, ఎండబెట్టి, కర్రలతో కొట్టి, తూర్పారబట్టి బస్తాలకెత్తే నాటికి మాకు దగ్గరలోని కేంద్రంలో కాటా కూడా పెట్టలేదు. నూనెగింజను వడ్లలాగా నెలల తరబడి ఇంట్లో ఉంచుకోలేం, ముక్కిపోతుంది. ఎరువుల బాకీ కట్టాల్సిన గడువు కూడా దగ్గర పడటంతో, మద్దతు ధర కంటే క్వింటాలుకు వెయ్యి రూపాయలకు పైగా తక్కువకు కల్లంలోనే వ్యాపారికి అమ్ముకున్నాను. రెండు వారాల తర్వాత కేంద్రం తెరిచారు. అప్పటికి మా ఊళ్లో చిన్న రైతుల దగ్గర గింజ మిగల్లేదు.

ఈ మొక్క మన నేలపై పుట్టింది కాదు. ఉత్తర అమెరికా ఆదివాసులు వేల ఏళ్ల కిందట సాగులోకి తెచ్చిన పొద్దుతిరుగుడు 16వ శతాబ్దంలో స్పెయిన్ వారి వెంట ఐరోపా చేరి, చాలాకాలం తోటల్లో అందానికే పెరిగింది. రష్యాలో చర్చి ఉపవాస దినాల్లో నిషేధించిన కొవ్వుల్లో దీని నూనె లేకపోవడంతో అక్కడి వంటిళ్లలో స్థిరపడింది. దక్షిణ రష్యాలోని క్రాస్నోదర్‌లో పుస్తొవోయిత్ అనే శాస్త్రవేత్త దశాబ్దాల పాటు మేలైన మొక్కలను ఎంపిక చేస్తూ గింజలో నూనెను 50 శాతం దరిదాపులకు పెంచారు. వంటనూనెల కొరత తీర్చుకోవడానికి మన దేశం 1969లో తెప్పించుకున్నవి ఆ సోవియట్ రకాలే. 1980లో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం మన తొలి హైబ్రిడ్ బీఎస్‌హెచ్-1ను ఇచ్చింది. 1990ల తొలి సగంలో దేశంలో సాగు 20 లక్షల హెక్టార్లు దాటింది. నేడు అందులో పదో వంతుకు అటూ ఇటూగా ఉంది. ఆనాడు కొరత తీర్చడానికి వచ్చిన పంటను ఇలా వదిలేసి, ఇప్పుడు ఏటా సుమారు 30 లక్షల టన్నుల పొద్దుతిరుగుడు నూనెను రష్యా, ఉక్రెయిన్, అర్జెంటీనాల నుంచి కొనుక్కుంటున్నాం. 2022లో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైన కొద్ది రోజులకే మన కిరాణా కొట్లలో నూనె ప్యాకెట్ ధర ఎలా ఎగబాకిందో ఏ ఇల్లాలిని అడిగినా చెబుతుంది.

సాగు తగ్గడానికి తెగుళ్లూ కారణమే. 1997లో కర్ణాటకలోని బాగేపల్లి దగ్గర మొదట కనిపించిన, మొక్కను మాడ్చేసే నెక్రోసిస్ వైరస్ తర్వాత మన పొలాలనూ దెబ్బతీసింది. తామర పురుగులు దాన్ని మోస్తాయి, గట్ల మీది వయ్యారిభామ కలుపు మొక్క దానికి ఆశ్రయమిస్తుంది. అయితే గట్లు శుభ్రం చేసి, చేను చుట్టూ మూడు నాలుగు సాళ్లు జొన్న వేసి, విత్తనశుద్ధి చేస్తే నష్టం తగ్గుతుందని శాస్త్రవేత్తలు నేర్పారు, మేము నేర్చుకున్నాం. తేనెటీగలు తగ్గిన చోట పూత సమయంలో పొద్దున 8 నుంచి 11 గంటల లోపు, రోజు విడిచి రోజు, రెండు వారాల పాటు పువ్వు పువ్వునూ మెత్తని గుడ్డతో తడుముతూ వెళ్లాలి. నా భార్య ఆ పని ముగించుకుని వచ్చేసరికి మోచేతుల దాకా పసుపు రాసుకున్నట్టు పుప్పొడి అంటుకుని ఉంటుంది. ఆ పని తప్పితే పువ్వు నడుమ అంతా తాలే. గింజ పాలు పోసుకున్నప్పటి నుంచి రామచిలకల కాపలా వేరే. ఊరంతా వేసిన రోజుల్లో ఆ నష్టం అందరి మీదా కొంచెం కొంచెం పడేది. ఇప్పుడు ఒక్కరో ఇద్దరో వేస్తే చిలకలన్నీ ఆ చేలోనే వాలుతున్నాయి. కొందరు మానేస్తే మిగిలినవారూ మానేయక తప్పని పంట ఇది.

ఇంత చేసిన రైతు చివరికి ఓడిపోయేది ధర దగ్గర. 2025 మే 28న కేంద్ర ప్రభుత్వం మద్దతు ధరను క్వింటాలుకు 441 రూపాయలు పెంచి 7,721 చేసింది. సంతోషించాం. రెండు రోజులకే, మే 30న, ముడి వంటనూనెపై మూల దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 10 శాతానికి తగ్గించింది. కొనుక్కునేవారికి ఊరట కావాలనడాన్ని నేను కాదనను. కానీ సుంకం తగ్గి బయటి నూనె చౌకైనప్పుడు మిల్లర్లు మా గింజకు ధర పెట్టరు. అప్పుడు మద్దతు ధర దక్కాలంటే ప్రభుత్వమే కొనాలి. మద్దతు ధర పథకం కింద నూనెగింజలను రాష్ట్ర దిగుబడిలో 25 శాతం మేరకే కొంటారు. అంటే నలుగురిలో ముగ్గురి పంట వ్యాపారి దయ మీద ఆధారపడాల్సిందే. దిగుమతులు తగ్గించాలన్న ఉద్దేశంతో కంది, మినుము, మసూర్ పప్పులకు ఆ పరిమితిని ఎత్తివేశారు. అదే ఉద్దేశం వంటనూనెలకూ ఉందని, 2024 అక్టోబరులో 10,103 కోట్ల రూపాయలతో నూనెగింజల జాతీయ మిషన్‌ను ఆమోదించినప్పుడు కేంద్రమే చెప్పింది. మరి పొద్దుతిరుగుడుకు ఈ పరిమితి ఎందుకు?

వంద రోజుల లోపు చేతికొచ్చే పంట, వరితో పోలిస్తే చాలా తక్కువ నీటితో పండే పంట, నూనె తీశాక మిగిలే చెక్క కూడా పశువులకు మేతయ్యే పంట ఇది. యాసంగిలో వరి తగ్గించుకోమని మాకు చెప్పే అధికారులు, వేరే పంట వేసిన రైతును మార్కెట్లో ఒంటరిగా వదలడం న్యాయం కాదు.

25 శాతం పరిమితి ఎత్తివేయమని రాష్ట్ర ప్రభుత్వం కేంద్రాన్ని గట్టిగా అడగాలి. ఆ నిర్ణయం వచ్చే వరకు మిగిలిన పంటను సొంత నిధులతో రాష్ట్ర సహకార మార్కెటింగ్ సమాఖ్య అయిన మార్క్‌ఫెడ్ ద్వారా కొనాలి. ఏ మండలంలో కేంద్రం ఎప్పుడు తెరుస్తారో సంక్రాంతిలోపే ప్రకటించి, ఫిబ్రవరి మొదటి వారానికల్లా గోనె సంచులు, కాటాలు, తేమ కొలిచే యంత్రాలతో సహా సిద్ధం చేయించాలని వ్యవసాయ శాఖ అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పొద్దుతిరుగుడు రైతు,
సిద్దిపేట జిల్లా