బాక్సులోంచి ఇంటికొచ్చాక ఆ పిల్లల్ని ఎవరు చూస్తారు?

సంపాదకులు గారికి నమస్కారం,

మీ జిల్లా పేజీలో అప్పుడప్పుడూ ఒక వార్త వస్తాది, నెలలు నిండకుండా కిలో బరువుతో పుట్టిన పసికందుకి ప్రాణం పోసిన డాక్టర్లు అని, తల్లి చేతిలో పాప, చుట్టూ సిస్టర్లు డాక్టర్లు నిలబడి ఒక ఫొటో. చదివితే సంతోషమే, ఇరవై ఏళ్ళ కిందట మన శ్రీకాకుళం జిల్లాలో అంత చిన్న గుంట బతకడమంటే మాటలా. కానీ ఆ ఫొటో తర్వాత ఏటయిందో ఎవరూ రాయరు, ఎందుకంటే ఎవరూ చూడరు. నా బాధ అదే. ఉత్తరం పెద్దదైతే ఎక్కడైనా కత్తిరించుకోండి గానీ వారాల లెక్క మాత్రం ఉంచండి.

మాది టెక్కలి దగ్గర పల్లె, నేను డాక్టర్ని కాను, జిరాక్స్ షాపు నడుపుతాను. మా చెల్లికి బీపీ ఎక్కువైపోయి 30వ వారంలోనే ఆపరేషన్ చేసి బిడ్డని తీసీసారు, అప్పట్నుంచి దొరికిన కాగితమల్లా చదివి, కనిపించిన డాక్టరునల్లా అడిగి తెలుసుకున్నవి ఇవి.

37 వారాలు నిండకుండా పుడితే నెలలు తక్కువ పిల్లలంటారు. 2020లో ప్రపంచం మొత్తం మీద అలా పుట్టినోళ్ళు సుమారు కోటీ 34 లక్షల మందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, అంటే పదిమందిలో ఒకరు, అందులో మన దేశంలోనే దాదాపు 30 లక్షలు. ఇంతమంది బతికి బట్టకడుతున్నప్పుడు వాళ్ళ మెదడు సంగతి ఏ ఒక్క ఇంటి గొడవో అనుకుంటే ఎలా?

మెదడుకి అసలు పని చివరి మూడు నెలల్లోనే జరుగుద్దంట. 24 వారాలప్పుడు మెదడు పైభాగం దాదాపు నున్నగా ఉంటాది, మనం బొమ్మల్లో చూసే ఆ మడతలన్నీ ఆ తర్వాతే పడతాయి. 35 వారాలకి కూడా నెలలు నిండిన పిల్ల మెదడు బరువులో మూడింట రెండొంతులే ఉంటాది. ఇది తెలిశాక నాకు కోపం తెప్పించేది ముహూర్తం కాన్పులు. ఏ ఇబ్బందీ లేకపోయినా ఫలానా నక్షత్రంలో పుట్టాలని పంతులుగారితో టైము పెట్టించుకుని, రెండు మూడు వారాలు ముందే కోయించుకుంటున్నారు చదువుకున్నోళ్ళు, డబ్బున్నోళ్ళు కూడా. మా చెల్లిలాంటోళ్ళు ఇంకొక్క వారం కడుపులో ఉంటే చాలని మొక్కుకుంటుంటే వీళ్ళు చేజేతులా వదులుకుంటున్నారు.

ఇంకోటి, ఏడో నెల పిల్ల బతుకుద్ది ఎనిమిదో నెల పిల్ల బతకదు అన్న మాట మన ఊళ్ళల్లో ఇంకా పోలేదు. వార్డులో మా పక్కమంచం ఆమెకి బాబు ఎనిమిదో నెల్లో పుట్టాడు, చూడ్డానికొచ్చిన ముసిలామె ఆ తల్లి వింటుండగానే "ఏడో నెలైతే బతికీసీవోడే, ఎనిమిదో నెలమ్మా, ఆశ పెట్టుకోకండి" అనీసింది. ఎక్కడి లెక్క ఇది? ఒక్కో వారం పెరిగేకొద్దీ బతికే అవకాశం పెరుగుద్దే గానీ తగ్గదు. ఆశ వదిలేసుకున్న ఇంట్లో పాలు పట్టడం దగ్గర్నుంచి అన్నీ నీరసంగానే జరుగుతాయి, అదీ నా భయం.

ఇక ప్రమాదం ఎక్కడుందంటే, 32 వారాల లోపు పిల్లలకి మెదడు లోపల ఒకచోట రక్తనాళాలు మరీ పల్చగా ఉంటాయి, పుట్టిన మొదటి మూడు రోజుల్లోనే ఎక్కువగా అక్కడ రక్తస్రావం అవుద్ది. మాడు ఇంకా మెత్తగా ఉంటాది కాబట్టి దాని మీదే స్కానింగ్ మిషను ఆనించి చూసీవొచ్చు. రెండోది, కరెంటు వైరు మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటాది చూడండి, మెదడులో నరాలకి అలాంటి తొడుగు వేసే కణాలు ఆ వయసులో ఇంకా పసివి, ఆక్సిజన్ తగ్గినా ఇన్ఫెక్షన్ వచ్చినా ముందు దెబ్బతినేవి అవే. అలాగని అందరికీ ఇలా అవదు, చాలామంది చక్కగా పెరుగుతారు, చదువుకుంటారు. కొందరికి కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయే సెరిబ్రల్ పాల్సీ వస్తాది, ఇంకొందరికి బడికెళ్ళాక గానీ బయటపడదు, లెక్కలు రావు, ఒకచోట కుదురుగా కూర్చోలేరు, అప్పుడు మాస్టారు మొద్దు అంటాడు, ఇంట్లో వాళ్ళు అల్లరి అంటారు. డిశ్చార్జి రోజు చూస్తే ఈ మూడు రకాల పిల్లలూ ఒకేలా ఉంటారు.

పరిశోధనలు చేసేవాళ్ళు ఊరుకోలేదు, అది చెప్పుకోవాలి. మన పక్కనే చెన్నై ఐఐటీవాళ్ళు చనిపోయిన పిండాల మెదళ్ళని పల్చటి పొరలుగా కోసి, 5,132 పొరల ఫొటోలు తీసి, ధరణి అని పేరు పెట్టి 2024 డిసెంబర్లో అందరికీ ఉచితంగా ఇచ్చారు. కాఫీలో ఉండే కెఫీన్ ఉంది కదా, ఊపిరి ఆగి ఆగి తీసుకునే చిన్న పిల్లలకి దాన్నే మందుగా ఇస్తే ఏడాదిన్నర వయసుకి సెరిబ్రల్ పాల్సీ తగ్గిందని 2007లో తేలింది. గుర్రపువాతానికి, అంటే కడుపుతో ఉన్నోళ్ళకి బీపీ పెరిగి వచ్చే ఫిట్స్‌కి, తల్లికి ఇచ్చే మెగ్నీషియం ఇంజెక్షనే, మరీ ముందుగా కాన్పయ్యేలా ఉంటే బిడ్డ మెదడుకి కాపుగా ఇస్తున్నారు. ఇవేవీ కోట్ల ఖరీదు మందులు కాదు.

అన్నిటికన్నా చవకది కంగారూ కేర్, అంటే బిడ్డని తల్లి ఒంటికి ఆనించి గుండెల మీద కట్టుకోవడం. 1978లో కొలంబియా దేశంలో బొగోటా అన్న ఊళ్ళో పిల్లల్ని వెచ్చగా ఉంచే బాక్సులు (ఇంక్యుబేటర్లు) చాలక మొదలెట్టారంట. 2021లో వచ్చిన పెద్ద పరిశోధన అయితే ఐదు దేశాల్లో చేశారు, మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కూడా అందులో ఉంది. 1 కిలో నుంచి 1.8 కిలోల లోపు పిల్లల్ని పుట్టిన వెంటనే తల్లి గుండెల మీద పెడితే మొదటి 28 రోజుల్లో పోయేవాళ్ళు నూటికి దాదాపు 16 నుంచి 12కి తగ్గారు. బొగోటా పిల్లల్ని ఇరవై ఏళ్ళు వచ్చాక మళ్ళీ వెతికి పట్టుకుని చూస్తే, అలా పెరిగినోళ్ళలో బడి మానడం, దుడుకుతనం తక్కువగా ఉన్నాయి. ఇరవై ఏళ్ళు! మన దగ్గర ఇరవై వారాలకే జాడ దొరకదు.

మా చెల్లి ఎలా చేసిందో చూశాను. ప్లాస్టిక్ కుర్చీలో వెనక్కి వాలి, పాపకి టోపీ, సాక్సు, డైపరు తప్ప ఇంకేమీ లేకుండా గుండెల మధ్య నిలువుగా పెట్టుకుని, తల ఒక పక్కకి తిప్పి, కాళ్ళు మడిచి, పాత చీర ముక్కతో కట్టుకునీది. కనీసం ఎనిమిది గంటలు పెట్టుకోవాలంటారు, ఆపరేషన్ కుట్లతో ఆ కుర్చీలో ఎనిమిది గంటలు ఎవరు కూర్చోగలరు చెప్పండి. పాప తండ్రి గుజరాత్ వేరావల్లో చేపల బోటు మీద ఉన్నాడు, మన తీరంలో సగం మంది మగోళ్ళ సంగతి అంతే. మా అమ్మ కూడా పెట్టుకుంటానంటే ఒక సిస్టరు లోపలికి రావద్దంది, ఇంకో సిస్టరు పర్లేదు రా అమ్మా అంది. నాయనమ్మ అయినా అమ్మమ్మ అయినా పెట్టుకోవొచ్చు, తప్పేం లేదు. ఒక వాలు కుర్చీ, ఒక కర్టెను, అంతకన్నా ఏం కావాలి?

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. డిశ్చార్జి కాగితం చూస్తే మొత్తం ఇంగ్లీషే, చివర్లో ఓపీలో చూపించుకోవలెను అని ఒక ముక్క. 34 వారాల లోపు గానీ 2 కిలోల లోపు గానీ పుట్టిన ప్రతి బిడ్డకీ నెల నిండేలోపు కంటి రెటీనా పరీక్ష చేయించాలని మన దేశంలో రూలు ఉంది, మరీ చిన్న పిల్లలకి ఇంకా ముందే. ఆ టైము దాటిపోతే కొందరికి చూపే పోద్ది, టైముకి పట్టుకుంటే లేజరుతో ఆపొచ్చు. ఈ ముక్క మాకు ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు, ఇంటికొచ్చిన ఆశా వర్కర్ చెప్పింది, ఆమె పుణ్యమా అని టైముకి వైజాగ్ తీసుకెళ్ళాం.

వయసు లెక్క కూడా అంతే. పది వారాలు ముందు పుట్టిన పిల్లకి ఆరు నెలలొచ్చాయంటే నాలుగు నెలలు కూడా నిండని పిల్ల కిందే చూడాలి, రెండేళ్ళ దాకా ఇదే లెక్క. ఇది తెలీక కొందరు పక్కింటి పిల్లతో పోల్చుకుని ఏడుస్తారు, కొందరు నెలలు తక్కువే కదా అదే వస్తాదిలే అని అసలు చూపించరు. ఏడాది నిండకుండానే పిల్లాడు ఒక్క చేత్తోనే అన్నీ అందుకుంటుంటే ఎడంచేతి వాటం అని మురిసిపోతాం, అది రెండో చెయ్యి బలహీనతేమో చూపించుకోవాల్సిన విషయం. నాలుగు నెలల లెక్క దాటినా గుప్పిళ్ళు విప్పకపోయినా, కాళ్ళు కత్తెరలా వేసి బిగించినా అంతే. ముందే పట్టుకుంటే ఫిజియోథెరపీతో చాలా లాభం ఉంటాది. మా చెల్లికి నేర్పింది ఎంతంటే, తువ్వాలు చుట్ట చుట్టి పాప ఛాతీ కింద పెట్టి బోర్లా పడుకోబెట్టి, ఎదురుగా గిలక్కాయ ఊపడం, అంతే, రోజూ.

దీనికి పథకం లేదా అంటే ఉంది. 2013లో కేంద్రం పెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో జిల్లాకో డీఈఐసీ సెంటరు, అంటే పిల్లల ఎదుగుదల లోపాలు ముందే పట్టుకుని వైద్యం చేసే చోటు, ఉండాలని, పిల్లల డాక్టరు, ఫిజియో, మాట నేర్పేవాళ్ళు అందరూ ఒకేచోట ఉండాలని రాశారు. కానీ ఇచ్ఛాపురం నుంచి జిల్లా కేంద్రానికి వంద కిలోమీటర్లు పైనే. ఆడోళ్ళకి బస్సు ఫ్రీ అయింది నిజమే, పలాసలో జీడిపప్పు ఒలిచే ఆమెకి ఆరోజు కూలి ఎవరిస్తారు? ఒకసారి వస్తాది, రెండోసారి మానీస్తాది. ఆశా వర్కర్లు ఇంటికొచ్చి చూసే కార్యక్రమం కూడా బిడ్డకి 15 నెలలు వచ్చేసరికే ఆగిపోద్ది.

అందుకని అడిగేది రెండే. ఆ డీఈఐసీ వాళ్ళే నెలకో రోజు టెక్కలి, పలాస, సోంపేట ఆసుపత్రులకి రావాలి, ఫలానా వారం అని ముందే చెప్పి. డిశ్చార్జి రోజున తెలుగులో ఒక కాగితం ఇవ్వాలి, పైన పెద్ద అక్షరాల్లో ఎన్ని వారాలకి పుట్టింది, కింద కంటి పరీక్ష తేదీ, వినికిడి పరీక్ష తేదీ, రెండేళ్ళ వరకు ఎప్పుడెప్పుడు తేవాలో ఆ తేదీలు. ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటైనా సరే. ఉద్దానం కిడ్నీల గురించి ఏళ్ళ తరబడి పత్రికలు రాయబట్టే 2023లో పలాసలో 200 పడకల ఆసుపత్రి వచ్చిందని నేననుకుంటాను, దీనికి కొత్త బిల్డింగ్ కూడా అక్కర్లేదు.

మా మండలంలో ఇలాంటి పిల్లలున్న తల్లులు కొంతమంది కలిసి సోమవారం గ్రీవెన్స్‌లో కలెక్టర్ గారికి అర్జీ ఇద్దామనుకుంటున్నారు. చుట్టుపక్కల మండలాలవాళ్ళు కూడా రావొచ్చు, పాప డిశ్చార్జి కాగితం, కంటి పరీక్ష కాగితం ఉంటే అదీ, జిరాక్స్ కాపీలు రెండేసి తెచ్చుకోండి, ఒరిజినల్ మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

ఇట్లు,
ఒక మేనమామ,
టెక్కలి మండలం, శ్రీకాకుళం జిల్లా