వానలో చూశాకే టోకెన్

బుజ్జమ్మా,

మీరు తిరుపతిలో కొందామనుకుంటున్న ఫ్లాటు ఫోటోలు నువ్వు వాట్సాప్‌లో పంపితే మీ నాన్న ఒకటికి పదిసార్లు చూశారు, నేనూ చూశాను. బాగున్నాయి. బాగుండక ఏం, రంగు వేసి నెల కూడా అయినట్టు లేదు. ఫోన్‌లో చెబుదామంటే నువ్వు మీటింగ్‌లో ఉన్నానంటావు, అల్లుడేమో "సరే అత్తయ్యా" అని పెట్టేస్తాడు, అందుకే కూర్చుని రాస్తున్నా, ఇద్దరూ కలిసి చదవండి. దసరా దాటితే రేటు పెరుగుతుందని ఆ మార్కెటింగ్ అబ్బాయి అన్నాడని చెప్పావు. 2008లో మేం ఈ ఇల్లు కొన్నప్పుడూ ఇదే మాట, కాకపోతే అప్పుడు ఉగాది అన్నారు.

ఆ కథ నీకు సగమే తెలుసు. ఎండాకాలం మొదట్లో చూశాం, గోడలు అద్దంలా ఉన్నాయి, మీ నాన్న అక్కడికక్కడే అడ్వాన్సు ఇచ్చేశారు. కార్తీకంలో ముసురు పట్టిందో లేదో వెనక గదిలో చెమ్మ మొదలైంది, నీ టెన్త్ పుస్తకాలన్నీ బూజు పట్టి ఎండలో ఆరబెట్టాం గుర్తుందా? మిద్దె మీద వాటం సరిగ్గా లేక నీళ్ళు ఒక మూల నిలిచిపోయేవి. బాత్రూంలో అంతకన్నా ఘోరం, నీళ్ళు జాలీ వైపు కాకుండా గడప వైపు వచ్చేవి. కట్టినాయన పేరు ఎందుకులే, "మేస్త్రీని పంపిస్తా అమ్మా" అని ఆరు నెలలు తిప్పాడు. ఆఖరికి మా డబ్బుతోనే టైల్స్ పగలగొట్టి మళ్ళీ వేయించుకున్నాం.

అందుకే చెబుతున్నా, మన తిరుపతిలో పెద్ద వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండం పడ్డప్పుడు వచ్చేవే. కొత్త ఇంటిని ఆ వానలో చూడాలి. మూడు రోజుల ముసురు తర్వాత వెళ్తే కిటికీ సన్‌షేడ్ కింద, పై ఫ్లాటు బాత్రూం కిందకు వచ్చే సీలింగు దగ్గర, లిఫ్టు గుంతలో అంతా బయటపడుతుంది. మీరు బెంగళూరులో ఉంటారు కాబట్టి నేనే వెళ్తా, మన వీధి బేల్దారి మేస్త్రీని వెంటబెట్టుకుని. ఆయన చేతిలో ఒక రూపాయి బిళ్ళ పట్టుకుని టైల్స్ మీద కొట్టుకుంటూ పోతాడు, డొల్ల శబ్దం వచ్చిన చోట కింద సిమెంటు సరిగ్గా పడలేదని అర్థం. రెండు బకెట్లు బాత్రూంలో, రెండు బాల్కనీలో పోసి ఎటు పోతున్నాయో చూస్తాం. వాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోనీ.

పూత మీద వెంట్రుకలాంటి సన్న నెర్రెలకు భయపడకు, అవి చాలా ఇళ్ళలో ఉంటాయి. పిల్లర్ మీదనో బీమ్ మీదనో ఏటవాలుగా వచ్చిన బీట మాత్రం వదిలిపెట్టకూడదు, దాన్ని ఇంజనీరు చూడాల్సిందే.

ఇంకొకటి, ఆ స్థలం ఇంతకుముందు ఏమిటో అడగాలి. చెరువు కిందదా, కుంటా, వాగు పోయే దారా? 2021 నవంబరులో ఎన్ని వీధుల్లో ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయో మేం కళ్ళారా చూశాం. ఆ వానల తర్వాతే శ్రీకృష్ణ నగర్‌లో ఒకావిడ సంపులో దిగి కడుగుతుంటే, సిమెంటు ఒరలతో కట్టిన ఆ సంపు భూమిలోంచి పైకి లేచింది, జనం తిరునాళ్ళలా వెళ్ళి చూశారు. మహిమేం కాదు, కింద నీటిమట్టం పెరిగి, పైన సంపు ఖాళీ అయితే పడవలా తేలింది, అంతే. మీ అపార్ట్‌మెంట్‌కు సెల్లార్ పార్కింగ్ ఉందన్నావు కదా, నీళ్ళొస్తే తోడే మోటారు ఉందా, కరెంటు పోతే అది దేనిమీద నడుస్తుందో అడుగు. బ్రోచర్‌లో ఇవి ఉండవు. ఎదురుగా టీ అంగడాయన్ని అడిగితే 2021లో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో గోడ మీద చేత్తో చూపిస్తాడు.

ఇక కాగితాలు. ఇక్కడ నాకు తెలిసింది తక్కువ, అందుకే మనకు తెలిసిన డాక్యుమెంట్ రైటర్ దగ్గర కూర్చుని రాసుకొచ్చా. మన వైపు డీకేటీ పట్టా భూములు (ప్రభుత్వం పేదలకిచ్చినవి), దేవాలయాల, మఠాల భూములు ఎక్కువ, కాబట్టి ముందు సర్వే నంబరు తీసుకుని రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడాలట, ఆ తర్వాతే ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల చిట్టా), లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు). ప్లాను ఇచ్చేటప్పుడు మునిసిపాలిటీ వాళ్ళు కట్టడంలో పదో వంతు తనఖా పెట్టించుకుంటారట, ఓసీ (ఇక ఇంట్లో ఉండొచ్చని ఇచ్చే సర్టిఫికెట్) వచ్చాకే విడిపిస్తారట. నీ ఫ్లాటు ఆ పదో వంతులో ఉందేమో కచ్చితంగా అడుగు. ఓసీ ఇంకా రాలేదని వాళ్ళే అన్నారంటే, మరి "రెడీ టు మూవ్" అని బోర్డు ఎలా పెట్టారు? ఓసీ వచ్చాక కొంటే జీఎస్టీ కూడా ఉండదు.

ఎనిమిది ఫ్లాట్లు దాటి, స్థలం కూడా 500 చదరపు మీటర్లు దాటితే రెరాలో, అంటే ఇళ్ళు కట్టి అమ్మేవాళ్ళ మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థలో, నమోదు ఉండాలి. 2016 నాటి ఆ రెరా చట్టం ప్రకారం అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా పది శాతానికి మించి తీసుకోకూడదు. ఇల్లు అప్పగించాక 5 ఏళ్ళలోపు కట్టడంలో లోపం బయటపడితే వాళ్ళే డబ్బు తీసుకోకుండా బాగు చేయాలి. ఇది మాకు 2008లో ఉండుంటే ఆ ఆరు నెలలు నేను ఫోన్ పట్టుకుని ఏడ్చేదాన్ని కాదు.

1450 అడుగులు అన్నావు, అది సూపర్ బిల్టప్. మెట్లు, లిఫ్టు, వరండా అన్నీ అందులో కలిపేస్తారు. లోపల నీ కాలు పడేది కార్పెట్ ఏరియా, అది అడుగు. నీకు వచ్చే భూమి వాటా ఎంతో కూడా అడుగు. అంకణాల్లో చెబితే తల ఊపకు, అంకణం కొందరికి 36 చదరపు అడుగులు, కొందరికి 72. చదరపు గజాల్లో రాసిమ్మను.

నీళ్ళ సంగతి మర్చిపోయా. బోరొక్కటేనా, మునిసిపాలిటీ కనెక్షన్ కూడా ఉందా? ఏప్రిల్, మేలో ట్యాంకరు తెప్పించుకుంటున్నారా అన్నది వాచ్‌మన్ భార్యను అడిగితే తెలుస్తుంది, ఆ పని నాకు వదిలెయ్.

పూజ గది తూర్పుకే ఉందని మీ నాన్న సంబరం. నాకైతే బట్టలు ఆరేసే చోటు ఎక్కడా కనబడలేదు ఫోటోల్లో.

మేస్త్రీ ఆదివారం పొద్దున వస్తానన్నాడు. అప్పటిలోగా సర్వే నంబరు, ప్లాను కాపీ, రెరా నంబరు పంపు. టోకెన్ ఇంకా ఇవ్వలేదనే అనుకుంటున్నా. ఇచ్చేసి ఉంటే మాత్రం దాచకు, ఎంత ఇచ్చావో నాకు చెప్పు, మీ నాన్నకు నేను నచ్చజెప్పుకుంటా.

అమ్మ