టన్నెల్‌లోకి పాకి వచ్చిన అమ్మాయికి

ఇండోర్ ప్లే సెంటర్‌లో మా నాలుగేళ్ల బాబు పైనున్న టన్నెల్‌లోకి దూరి, మధ్యలో భయపడి ఆగిపోయాడు. వెనక పిల్లల కేకలు. ఆ సందులో నేను పట్టను. కింద నుంచి పిలిచేకొద్దీ వాడి ఏడుపు పెరిగింది, నా టెన్షన్ కూడా.

అక్కడ పనిచేసే అమ్మాయి ముందు మిగతా పిల్లల్ని వెనక్కి పంపి, తనే పాకుతూ లోపలికి వెళ్లింది. వాణ్ని లాగలేదు, తొందరపెట్టలేదు. పక్కనే బోర్లా పడుకుని, జేబులోంచి ప్లాస్టిక్ బంతి తీసి ముందుకు దొర్లించింది. "ఎటు పోయిందో చూసొద్దామా?" అంది. వాడు ముక్కు ఎగబీలుస్తూనే దాని వెంట పాకాడు. జారుడుబల్ల దగ్గర "నువ్వు ముందా, నేను ముందా?" అని వాణ్నే అడిగింది. "నువ్వే" అన్నాడు. పాపం, మోచేయి గీరుకుపోయినా నవ్వుతూనే జారింది.

థాంక్స్ చెప్పేలోపే ఇంకో పాపకు సాక్సులు తొడగడానికి వెళ్లిపోయావు. చల్లగా ఉండు తల్లీ.