నాన్న ఎడమ కిడ్నీని కాపాడిన వారికి

నాన్నకు క్యాన్సర్ వల్ల మూత్రాశయం పూర్తిగా తొలగించి 14 నెలలైంది. చిన్నపేగులోంచి జానెడు ముక్క తీసి, కిడ్నీల నుంచి మూత్రాన్ని తెచ్చే రెండు మూత్రనాళాలనూ దానికి కుట్టి, దాని కొసను పొట్ట మీదికి తెచ్చారు. ఆ ద్వారాన్నే స్టోమా అంటారు. మూత్రం అక్కడ అంటించిన సంచిలోకి వస్తుంది. ఆపరేషన్ తర్వాత క్యాన్సర్ మళ్లీ వస్తుందేమోనన్న భయమే మా ఇంటినిండా ఉండేది. కిడ్నీల సంగతి మాకు తట్టనే లేదు. తట్టించిన వారికి ఈ నాలుగు మాటలు రాయకపోతే నాకు మనసొప్పదు.

మొదట స్టోమా నర్సు గారికి. సంచి చుట్టూ చర్మం ఒరుసుకుపోతోందని చూపించడానికే వెళ్లాం. ఆమె ఆ పని చేస్తూనే పాత రక్తపరీక్షల కాగితాలు అడిగి, వరుసగా పక్కపక్కన పరిచారు. క్రియాటినిన్ అంటే కండల నుంచి రక్తంలోకి వచ్చే వ్యర్థం, కిడ్నీలు సరిగా వడకట్టకపోతే పెరుగుతుంది. అది 1.1, 1.3, 1.6. వచ్చినప్పుడల్లా 'కొంచెం ఎక్కువ' అనుకుని మడిచి పెట్టిన అంకెలవి. "నాన్నగారు బాగా చిక్కిపోయారు కదమ్మా, కండ తగ్గిన మనిషిలో ఇది తక్కువగానే కనిపిస్తుంది. లోపల నష్టం ఇంకా ఎక్కువ ఉండవచ్చు" అన్నారు. అప్పటికప్పుడు డాక్టరు గారితో మాట్లాడి స్కాన్ రాయించారు.

నాన్న ఒప్పుకోలేదు. నొప్పి లేదు, జ్వరం లేదు, సంచి నిండుతూనే ఉంది, ఎందుకన్నారు. ఇదే ఆపరేషన్ 9 ఏళ్ల క్రితం చేయించుకున్న ఒక పెద్దాయన, ముక్కూ మొహం తెలియని మాతో, ఆ రాత్రి గంటసేపు ఫోనులో మాట్లాడారు. "తమ్ముడూ, నాకూ నొప్పి రాలేదు. ఒక కిడ్నీ మూసుకుపోయినా రెండోది సంచిని నింపుతూనే ఉంటుంది" అన్నారు. తెల్లవారేసరికి నాన్న చొక్కా వేసుకుని గుమ్మం దగ్గర కూర్చున్నారు.

ఎడమ కిడ్నీ ఉబ్బి ఉంది. నాళాన్ని పేగుకు కుట్టిన చోట మచ్చకట్టి ఇరుకైపోయింది. ఎడమ నాళాన్ని పెద్దపేగు వెనక నుంచి కుడివైపుకు మళ్లించాలి కనుక ఈ చిక్కు ఎక్కువగా ఆ వైపే వస్తుందని డాక్టరు గారు కాగితం మీద గీసి చూపించారు. ముందు వీపులోంచి కిడ్నీలోకి సన్నని గొట్టం వేశారు. కొన్ని వారాల తర్వాత ఇరుకైన ముక్క తీసేసి నాళాన్ని మళ్లీ కుట్టారు. ఇప్పుడు క్రియాటినిన్ 1.3. పాత 1.1 ఇక రాకపోవచ్చన్నారు. ఆ 1.3 చూసి అమ్మ ఏడ్చేసింది.

కిడ్నీ డాక్టరు గారికీ రుణపడి ఉన్నాం. పేగు ఎక్కడున్నా పీల్చుకునే గుణం మానదట. మూత్రంలోని ఆమ్లాన్ని కూడా రక్తంలోకి లాగుతుందట. నాన్న నీరసం, ఆకలి లేకపోవడం వయసు వల్లే అనుకున్నాం. ఆ ఆమ్లాన్ని తగ్గించే బైకార్బొనేట్ మాత్రలు మొదలుపెట్టాక మనిషి తేరుకున్నారు. కొన్ని నొప్పి మాత్రలు కిడ్నీలకు చేటు చేస్తాయి కనుక, మోకాళ్లకని అడిగినవి ఇవ్వకుండా "డాక్టరును అడిగి రండి" అని తిప్పి పంపిన మందుల షాపు అబ్బాయికి కూడా నమస్కారం. ఆ రోజు అతని మీద కోప్పడ్డాను. క్షమించు నాయనా.

నర్సు గారూ, వచ్చే నెల పరీక్ష కాగితాన్ని పాతవాటి పక్కనే పెట్టి తెస్తాను, మీరు పరిచినట్లే.