ఆట మధ్యలో దానంతటదే ఆగిపోతున్న కంప్యూటర్: ఎస్‌ఎంపీఎస్ మార్చి ఇవ్వవలసిందిగా ఫిర్యాదు

కూకట్‌పల్లి,
హైదరాబాద్.

కస్టమర్ సర్వీస్ విభాగం మేనేజర్ గారికి,

అయ్యా,

మీ షోరూములో నేను కొన్న అసెంబుల్డ్ గేమింగ్ కంప్యూటర్ ఆట ఆడుతుండగా ఏ హెచ్చరికా లేకుండా ఆగిపోతోంది. ఇన్‌వాయిస్ ప్రతిని ఈ లేఖకు జతచేశాను. ఇదే సమస్య మీద యంత్రాన్ని మీ సర్వీస్ సెంటరులో ఇదివరకే అప్పగించగా, జాబ్ షీటు మీద ‘టెస్టెడ్ ఓకే’ అని రాసి తిరిగి ఇచ్చారు. ఇంటికి తెచ్చాక అది మళ్లీ అలాగే ఆగిపోయింది. నా అనుమానం ఎస్‌ఎంపీఎస్ (యంత్రానికంతా కరెంటు అందించే పెట్టె) మీద, దాని నుంచి గ్రాఫిక్స్ కార్డుకు మీవాళ్లు వేసిన కేబుల్ మీద. అందుకు కారణాలేమిటో వివరించి, మీ సర్వీస్ సెంటరు ఇంతవరకు చేయని పరీక్షను చేయించాలని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ముందు అది ఆగే తీరు చెబుతాను. తెర మీద నీలి రంగు ఎర్రర్ రాదు, ఆట బిగుసుకుపోదు, శబ్దం గరగరలాడదు. ప్లగ్గు పీకేసినట్టు ఫ్యాన్లు, లైట్లు, తెర మీది బొమ్మ అన్నీ ఒక్కసారిగా పోతాయి. ఆ తరువాత పవర్ బటన్ ఎంత నొక్కినా చలనం ఉండదు. క్యాబినెట్ వెనక ఎస్‌ఎంపీఎస్‌కు ఉన్న స్విచ్చు ఆపి, కాసేపాగి మళ్లీ వేస్తేనే బటన్ పనిచేస్తుంది. ఈ చివరి లక్షణాన్ని మీ టెక్నీషియన్‌కు నోటితో చెప్పాను, జాబ్ షీటులో రాయమని కూడా అడిగాను, కానీ ఆయన రాయలేదు. ఎస్‌ఎంపీఎస్‌లోని రక్షణ వ్యవస్థ తన మీద పడిన భారం హద్దు దాటిందని లైను తెంచేసి, సరఫరా పూర్తిగా తీసి పెట్టేదాకా మొండికేయడం ఈ రంగంలో ఉన్నవారికి తెలియని విషయం కాదు.

విండోస్ తన ఘటనలను నమోదు చేసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో, ఆగిన ప్రతిసారీ కెర్నల్ పవర్ 41 (యంత్రం సవ్యంగా మూతపడలేదని తెలిపేది) అనే ఎంట్రీ పడుతోంది. అందులో బగ్‌చెక్ కోడ్ (విండోస్ కూలిన కారణాన్ని తెలిపే సంఖ్య) సున్నా అని ఉంటోంది, కూలినప్పటి వివరాలుండే డంప్ ఫైలు తయారు కావడం లేదు. డ్రైవర్ తప్పిదం వల్లనో, ర్యామ్ లోపం వల్లనో విండోస్ కూలిపోయి ఉంటే మామూలుగా ఆ కోడ్ నమోదు కావాలి. ఇక్కడ విండోస్‌కు ఆ కోడ్ రాసుకునే వ్యవధి కూడా లేకుండా కరెంటు పోయింది. ఇది తెలిసి కూడా మీ ఫోన్ సహాయకులు ప్రతిసారీ విండోస్ తిరిగి ఇన్‌స్టాల్ చేయమనే చెబుతున్నారు. వారు చెప్పినట్టే చేశాను, మార్పు లేదు. ఇంటెల్ 13, 14వ తరం ప్రాసెసర్లలో అస్థిరత ఉందని, బయోస్ (మదర్‌బోర్డులోని మూల ప్రోగ్రాము) అప్‌డేట్ చేస్తే సరిపోతుందని ఒకరు చెప్పారు. ఆ సమస్య నిజమే, దానికోసం ఇంటెల్ 2024లో 0x129, 0x12బి మైక్రోకోడ్‌లు (బయోస్ ద్వారా ప్రాసెసర్‌కు అందే సవరణలు) విడుదల చేసింది కూడా. నా మదర్‌బోర్డులో ఉన్నది వాటి తరువాతి బయోసే. పైగా ఆ అస్థిరత వల్ల సాధారణంగా ఆటలు క్రాష్ అవుతాయి, నీలి తెర వస్తుంది. ఎస్‌ఎంపీఎస్ స్విచ్చు ఆపి వేస్తే తప్ప యంత్రం లేవని స్థితి దాని లక్షణం కాదు.

వేడి వల్ల అన్నది మీరు చెప్పిన మరో కారణం. వేడి, కరెంటు రీడింగులు చూపే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ప్రోగ్రాములో నమోదు చేసిన వివరాలను జతచేశాను. ఆగిపోవడానికి ముందు నమోదైన చివరి వరుసలో కూడా గ్రాఫిక్స్ కార్డు 70 డిగ్రీలు దాటలేదు, ప్రాసెసర్ 80కి అటూ ఇటూగా ఉంది. ఇందులో ఉన్న ఐ7-14700కె ప్రాసెసర్ 100 డిగ్రీలకు చేరితే ముందు తన వేగాన్ని తగ్గించుకుంటుంది. అటువంటి తగ్గింపు ఎక్కడా నమోదు కాలేదు. ఇంట్లో కరెంటు బాగాలేదన్నారు కనుక యూపీఎస్ తీసేసి నేరుగా 16 ఆంపియర్ల సాకెట్‌కు కలిపి చూశాను, ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ పరీక్ష చేయించాను. కంప్యూటర్ ఆగిన క్షణంలో అదే బోర్డు మీద ఉన్న మానిటర్, రూటర్ కన్నార్పకుండా పనిచేస్తూనే ఉన్నాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ కొటేషన్‌లో ఆర్‌టీఎక్స్ 5070 టీఐ గ్రాఫిక్స్ కార్డుకు 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ జోడించారు. ఈ ఎంపిక నాది కాదు. ఇది సరిపోతుందా అని నేను కౌంటర్ దగ్గర అడిగినప్పుడు ‘80 ప్లస్ గోల్డ్ సార్, నిశ్చింతగా ఉండండి’ అన్నారు. 80 ప్లస్ గోల్డ్ ముద్ర కరెంటును ఎంత వృథా కాకుండా మారుస్తుందో చెప్పే కొలత మాత్రమే, ఒక్కసారిగా పెరిగే భారాన్ని తట్టుకుంటుందని అది హామీ ఇవ్వదు. ఆ కార్డు వినియోగం 300 వాట్లు, దానికి ఎన్విడియా సిఫారసు చేసిన ఎస్‌ఎంపీఎస్ 750 వాట్లు. ప్రాసెసర్ గరిష్ఠ టర్బో వినియోగం 253 వాట్లు. ఈ రెండూ కలిస్తేనే 553 అవుతుంది. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు, ఫ్యాన్లు అదనం. ఆటలో ప్రాసెసర్ అంత లాగదని మీరు అనవచ్చు, సగటున చూస్తే అది నిజమే. కానీ ఈ తరహా కార్డులు సెకనులో వెయ్యో వంతు పాటు తమ సగటును బాగా మించి లాగుతాయి. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో మామూలుగా రెండు సెకన్లకొకసారి మాత్రమే రీడింగు తీసుకుంటుంది కాబట్టి ఆ ఉప్పెనలు దాని గ్రాఫులో కనిపించవు. వీటిని దృష్టిలో పెట్టుకునే 2022లో ఇంటెల్ విడుదల చేసిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో, 450 వాట్లకు మించి కొత్త 16 పిన్నుల కనెక్టరు ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లు 100 మైక్రోసెకన్ల పాటు తమ సామర్థ్యానికి రెట్టింపు భారాన్ని భరించాలని నిర్దేశించారు. మీరు అమర్చినది ఆ ప్రమాణానికి ముందు నాటి మోడల్, దానికి ఆ కనెక్టరు లేదు, పాత 8 పిన్నుల కేబుళ్లను కార్డు 16 పిన్నులకు కలిపే అడాప్టరు మీద నడుస్తోంది.

ఆ అడాప్టరుకు రెండు 8 పిన్నుల సాకెట్లు ఉన్నాయి. వాటికి ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు రావాలి. క్యాబినెట్ గాజు తలుపు ఉన్నది కనుక వారంటీ స్టిక్కరు చింపకుండానే నాకు కనిపిస్తోంది: ఒకే కేబుల్ వచ్చి మొదటి సాకెట్‌లోకి వెళ్లింది, ఆ ప్లగ్గు నుంచి బెత్తెడు వైరు సాగి రెండో సాకెట్‌లోకి వెళ్లింది. కార్డు మొత్తం భారంలో అధిక భాగం ఆ ఒక్క కేబుల్ మీదే పడుతోంది. ఫోటో జతచేశాను. రెండో కేబుల్ ఎస్‌ఎంపీఎస్ పెట్టెలో ప్లాస్టిక్ సంచీ విప్పకుండా అలాగే ఉంది.

నేను చేసుకున్న ప్రయోగం ఒకటి చెబుతాను. ఆట ఫ్రేములను సెకనుకు 60కి పరిమితం చేసి, బయోస్‌లో ప్రాసెసర్ హద్దును 125 వాట్లకు తగ్గిస్తే యంత్రం ఎంతసేపైనా ఆగకుండా నడుస్తోంది. ఆ రెండు హద్దులూ తీసేస్తే, సైబర్‌పంక్ 2077 అనే ఆటలో రే ట్రేసింగ్ (వెలుగునీడలను లెక్కగట్టి చూపే, కార్డుకు భారమైన సెట్టింగు) పెట్టి ఊరి నడిమి వీధుల్లో బండి వేగంగా నడిపేటప్పుడు, అంటే ప్రాసెసర్‌కూ కార్డుకూ ఒకేసారి పని పెరిగినప్పుడు ఆగిపోతోంది. మీ సర్వీస్ సెంటరులో సినీబెంచ్ (ప్రాసెసర్ పరీక్ష) విడిగా, ఫర్‌మార్క్ (గ్రాఫిక్స్ కార్డు పరీక్ష) విడిగా నడిపి చూశారని టెక్నీషియనే చెప్పారు. రెండు భారాలనూ వేరు చేసి పరీక్షిస్తే, రెండూ కలిసినప్పుడే బయటపడే లోపం ఎలా దొరుకుతుంది? ఓసీసీటీ అనే పరీక్షల ప్రోగ్రాములోని పవర్ టెస్ట్ రెండింటి మీదా ఒకేసారి భారం వేస్తుంది. కార్డుకూ ప్రాసెసర్‌కూ ఏ హద్దూ పెట్టకుండా దాన్ని నా ఎదుట నడిపించవలసిందిగా కోరుతున్నాను.

‘ఆటలే కదా సార్, సెట్టింగులు కొంచెం తగ్గించుకోండి’ అని మీ సిబ్బంది ఒకరు అన్నారు. ఆటల కోసమే కొన్నాను, గేమింగ్ పీసీ అనే పేరు మీదే మీరు అమ్మారు, ఇన్‌వాయిస్ మీదా అదే రాశారు. హద్దులు పెట్టుకుని నడుపుకోవాలంటే ఇంతకన్నా చవక కార్డు కొనుక్కునేవాణ్ని.

కాబట్టి ఈ ఎస్‌ఎంపీఎస్‌ను తీసేసి, 850 వాట్ల సామర్థ్యంతో ఏటీఎక్స్ 3.1 ప్రమాణానికి తగిన, 16 పిన్నుల సొంత కేబుల్ ఉన్న దాన్ని నా మీద ఖర్చు మోపకుండా అమర్చాలని కోరుతున్నాను. కార్డు తయారీదారు చెప్పిన సామర్థ్యం కన్నా తక్కువది ఎంపిక చేసింది మీరే కనుక ధరలో తేడా నేను భరించడం న్యాయం కాదు. కేబుల్ తప్పుగా వేసినందువల్ల అడాప్టరుకు గానీ కార్డు కనెక్టరుకు గానీ నష్టం జరిగిందేమో విప్పి చూసి, ఏ పరీక్ష ఎంతసేపు నడిపారో, ఫలితం ఏమిటో జాబ్ షీటులో రాసి సంతకం చేసి ఇవ్వాలి. యంత్రం మీ దగ్గర ఉన్న కాలానికి వారంటీ పొడిగించాలి.

ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో రాతపూర్వక సమాధానం ఇవ్వవలసిందిగా మనవి. ఆలోగా సమాధానం రాకపోయినా, మళ్లీ ‘టెస్టెడ్ ఓకే’ అన్న సమాధానమే వచ్చినా, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద వస్తువులో లోపం, సేవలో లోపం అనే రెండు కారణాలనూ చూపి జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

జతపరచినవి: ఇన్‌వాయిస్, కొటేషన్, జాబ్ షీటు ప్రతులు, ఈవెంట్ వ్యూయర్, హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో వివరాలు, కేబుల్ ఫోటో.

ఇట్లు,
మీ కొనుగోలుదారుడు