మూడో నెలలో తూకం ఎవరు చూస్తారు?

సంపాదకుల వారికి,

నమస్కారం. ప్రతి నెలా తొమ్మిదో తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేకంగా పరీక్షలు చేస్తారు. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ అది. దాన్ని తప్పుపట్టడానికి కాదు ఈ ఉత్తరం. కాకపోతే అది నాలుగో నెల వచ్చినవాళ్ల కోసం పెట్టింది. వాంతులు మనిషిని మంచాన పడేసేది అంతకు ముందే. రెండో నెలలో మొదలై మూడో నెలలో ముదురుతాయి. అప్పుడు ఆ పిల్లను చూసేది ఇంట్లో అత్తగారు, వీధిలో ఆర్‌ఎంపీ. ఆ అత్తగారిని నేనే కాబట్టి రాస్తున్నాను.

మా కోడలికి మొదట్లో తిరగమాత వాసన వస్తే చాలు, పెరట్లోకి పరుగు. పోనుపోను మంచినీళ్లు కూడా నిలవలేదు. నోట్లో ఊరే ఉమ్మి మింగలేక తలగడ పక్కన స్టీలు చెంబు పెట్టుకుని పడుకునేది. "మేం కనలేదా ముగ్గుర్ని, ఇంత యాగీ చేశామా" అన్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు. ఆర్‌ఎంపీ రోజూ వచ్చి కిటికీ ఊచకి గ్లూకోజు సీసా వేలాడదీసి వెళ్లేవాడు. నాలుగో రోజు కోడలు "అత్తా, నువ్వు ఇద్దరు కనిపిస్తున్నావు" అంది. లేచి నిలబడితే తూలిపోయింది. అప్పుడు భయమేసి కారు మాట్లాడుకుని నెల్లూరు తీసుకెళ్లాం.

అక్కడి డాక్టరమ్మ ముందు అడిగింది మాతా శిశు సంరక్షణ కార్డు. నెల తప్పిన కొత్తలో బరువు 47 కిలోలు. నాలుగు వారాల తర్వాత రాసింది నలభై రెండున్నర. రెండూ ఒకే కార్డులో, ఒకే పెన్నుతో రాసున్నాయి. ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి ఎవరూ చూడలేదు. ముప్పై ఏళ్లు పిల్లలకి తీసివేతలు నేర్పిన నేను కూడా చూడలేదు.

కడుపుతో ఉన్నవాళ్లలో నూటికి డెబ్బై ఎనభై మందికి వికారం, వాంతులు మామూలే. అందుకే ఎవరు ఎంత కక్కినా "వేవిళ్లే కదా" అనేస్తాం. కానీ నూటికి ముగ్గురికి మించని కొందరిలో అది జబ్బు అవుతుంది. దాని పేరు హైపర్ ఎమెసిస్. ఉన్న బరువులో ఐదు శాతానికి పైగా తగ్గడం, ఒంట్లో నీరు ఎండిపోవడం, మూత్రంలో కీటోన్లు కనిపించడం దాని గుర్తులు. అన్నం అందక శరీరం సొంత కొవ్వు కరిగించుకుంటోందని ఆ కీటోన్లకి అర్థం. 47 కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గగానే మేం మేలుకోవాల్సింది.

ఇంకోటి నాకు అసలు తెలియనిది. వారాల తరబడి తిండి లేనివాళ్లకు బి1 విటమిన్ అడుగంటిపోతుంది. అలాంటి ఒంట్లోకి ఉత్త గ్లూకోజు ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. చూపు రెండుగా కనపడటం, నడక తూలడం దాని సూచనలే. ముందు బి1 ఇంజెక్షన్, తర్వాతే గ్లూకోజు అని డాక్టరమ్మ చెప్పింది. బలానికని మేం డబ్బిచ్చి ఎక్కించిన సీసా అది!

ఇది మనసులో పుట్టే రోగం, కాపురం ఇష్టం లేక చేసే వేషాలు అనే మాట మన ఊళ్లల్లో ఇంకా ఉంది. 2023లో శాస్త్రవేత్తలు అసలు కారణాన్ని గట్టిగానే పట్టుకున్నారు. కడుపులోని బిడ్డ, మాయ తయారుచేసే జీడీఎఫ్15 అనే హార్మోను తల్లి రక్తంలోకి వస్తుంది. గర్భం రాకముందు ఆ హార్మోను తక్కువగా ఉన్నవాళ్లకు అది ఒక్కసారిగా పెరిగితే తట్టుకోలేరు. కారం అలవాటు లేనివాడికి మన గొడ్డుకారం పెట్టినట్టు. ఇందులో ఆ పిల్ల తప్పేముంది?

ఇక బిడ్డ సంగతి. తల్లి బరువు పెరగకపోతే బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం ఉందని అందరికీ తెలుసు. ఆ తర్వాతి కథే మనం అడగం. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువు వచ్చినప్పుడు తల్లి కడుపులో ఉన్నవాళ్లను పెద్దయ్యాక పరీక్షిస్తే, మిగతావాళ్లతో పోలిస్తే వాళ్లలో చక్కెరను తట్టుకునే శక్తి సగటున తగ్గి కనిపించింది. 2013లో న్యూజిలాండ్ వాళ్లు తీవ్రమైన వాంతులతో బాధపడిన తల్లుల పిల్లల్ని చూశారు. యుక్తవయసు రాకముందే ఆ పిల్లల ఒళ్లు ఇన్సులిన్‌కు స్పందించడం ఇరవై శాతం దాకా తక్కువగా ఉంది. చూసింది వంద మంది లోపే, పైగా తర్వాత వచ్చిన పరిశీలనలన్నీ అంత గట్టిగా చెప్పలేదు. కాబట్టి వాంతులైన తల్లి బిడ్డకి షుగరు వస్తుందని ఎవరూ టెన్షన్ పడొద్దు. మా మనవడు రెండేళ్లవాడు, ఇల్లు పీకి పందిరేస్తున్నాడు. కానీ మన దేశంలో పిల్లలు పుట్టుకతోనే సన్నగా ఉండి, కండకంటే కొవ్వే ఎక్కువ ఉంటారని పుణె దగ్గరి పల్లెల్లో డాక్టర్లు ఏనాడో చూపించారు. ఇంటికొక షుగరు మనిషి ఉన్న చోట ఆ మూడు నెలల పస్తుని తేలిగ్గా తీసుకోవడం ఎలా?

కడుపులో బిడ్డ ఉండగా మాత్ర మింగకూడదని నేనే అడ్డుపడ్డాను. గర్భిణులు వాడితే పిల్లలు అవయవ లోపాలతో పుట్టారని 1961లో వెనక్కి తీసుకున్న థాలిడోమైడ్ అనే మందు తెచ్చిన భయం ఇంకా పోలేదు. కానీ వాంతులు తగ్గడానికి డాక్టర్లు మొట్టమొదట ఇచ్చే డాక్సిలమిన్, బి6 విటమిన్ కలిసిన మాత్ర దశాబ్దాలుగా లక్షల మంది గర్భిణులు వాడుతున్నదే.

జిల్లా వైద్యాధికారులు చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. రెండు, మూడు నెలల్లో వాంతులు ఎక్కువగా ఉన్న అమ్మాయి బరువు ఆశా కార్యకర్త వారానికోసారి చూసి, పాత అంకెతో పోల్చాలి. మూత్రంలో ముంచి చూసే కీటోన్ పట్టీలు ప్రతి ఊరి ఆరోగ్య కేంద్రంలో ఉండాలి. బి1 ఇంజెక్షన్ పీహెచ్‌సీ దాకా రావాలి, రెండు గంటల పైగా బస్సెక్కి నెల్లూరు రావాల్సిన అవసరం లేకుండా. ఆర్‌ఎంపీలను పిలిచి గ్లూకోజు సంగతి ఒక్క పూట చెప్పినా చాలు.

కోడలు ఈమధ్య రెండో కాన్పు మాట ఎత్తుతోంది. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువట. బరువు చూసే మిషన్ ఒకటి కొని వసారాలో పెట్టాను. పక్కన గోడకి క్యాలెండరు, దానికి దారంతో కట్టిన పెన్సిలు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
వింజమూరు, నెల్లూరు జిల్లా