టికెట్ కంటే ముందు టేపు తీయండి

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతి సెలవులు దగ్గరపడ్డాయి. జిల్లాల నుంచి హైదరాబాద్ వచ్చే కుటుంబాలకు రామోజీ ఫిల్మ్ సిటీ, వండర్‌లా వినోద పార్కు చూపించే పని ఇక్కడున్న స్నేహితుల మీదో చుట్టాల మీదో పడుతుంది. అందరూ ముందు టికెట్ ధర కనుక్కుంటారు. కనుక్కోవాల్సింది పిల్లల ఎత్తు.

వండర్‌లాలో టికెట్‌కు వయసు లెక్క కాదు. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. అక్కడి నుంచి 140 వరకు పిల్లల టికెట్, ఆపైన పెద్దల టికెట్. భారీ రైడ్లలో చాలావాటికి కూడా 140 ఉండాల్సిందే. భుజాల మీదుగా దించే కడ్డీ ఒక కొలతకు తయారవుతుంది, అంతకంటే చిన్న ఒంటికి సరిగ్గా బిగుసుకోదు. అందుకే 'ఒక్కసారికి పోనివ్వండి' అని ఆపరేటర్‌ను బతిమాలడం తప్పు. పదేళ్ల పిల్లల్లో చాలామంది ఆ గీతను అందుకోరు. గంటసేపు లైన్లో నిలబడి, తీరా మెట్ల దగ్గరికి వచ్చాక వెనక్కి పంపితే ఆ పిల్లల ఏడుపు ఆపడం ఎవరి తరమూ కాదు.

బయల్దేరడానికి వారం ముందే కొలవండి. చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి నిలబెట్టి, తల మీద అట్ట పుస్తకం అడ్డంగా ఆనించి, దాని అడుగున పెన్సిల్‌తో గీత గీయండి. పొద్దున లేచినప్పటికంటే సాయంత్రానికి ఎత్తు సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతుంది కనుక, 140 అంచున ఉన్న పిల్లలను సాయంత్రమే కొలవాలి. ఎవరు ఏ రైడ్ ఎక్కలేరో ఇంట్లోనే చెప్పేస్తే అక్కడ గొడవ ఉండదు. బీపీ, గుండె జబ్బు, నడుం నొప్పి ఉన్న పెద్దలతో, గర్భిణులతో కూడా ఇంట్లోనే మాట్లాడుకోవాలి. నలుగురిలో, లైన్లో నిలబడి చెప్పుకోవలసిన సంగతులు కావవి.

రెండో చిక్కు బట్టలు. నీటి రైడ్లకు నైలాన్, లైక్రా లాంటివే కావాలి. కాటన్ నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, ఒంటికి అంటుకుపోతుంది, దాని నూలు పోగులు ఫిల్టర్లకు అడ్డం పడతాయి. జీన్స్ జిప్పులు, లోహపు గుండీలు జారుడుబల్లను గీరేస్తాయి. చాలామంది మోసపోయేది లెగ్గింగుల దగ్గర. దుకాణంలో 'లైక్రా లెగ్గింగ్' అనే ఇస్తారు. లోపలి లేబుల్ తిప్పి చూస్తే 95 శాతం కాటన్, 5 శాతం ఎలాస్టేన్ (లైక్రాకే మరో పేరు) అని ఉంటుంది. అది కాటనే. లేబుల్ చదవకుండా సంచిలో పెట్టుకోకండి.

నగల మాట కూడా చెప్పాలి. మెట్టెలు, పట్టీలు జారేటప్పుడు ట్యూబుకు పట్టుకుని వేలు తెగే ప్రమాదం ఉంది. వెండి క్లోరిన్ నీళ్లకు నల్లబడుతుంది. నల్లపూసల గొలుసు కొలనులో తెగితే మళ్లీ దొరకదు. ఇవన్నీ ఇంటి దగ్గరే తీసి దాచడం మేలు. కళ్లజోడుకు వెనక తాడు కట్టండి.

పార్కులో దిగాక సమయాన్ని తినేసేది బట్టలు మార్చుకోవడం. తడి బట్టలతో పొడి రైడ్లు ఎక్కనివ్వరు, ఆరుగురు మార్చుకోవాలంటే అరగంట పోతుంది. అందుకని గేటు తెరవగానే పొడి రైడ్లలో పెద్దవి, ఎండ ముదిరాక నీళ్లు, బట్టలు మార్చుకున్నాక సాయంత్రం నెమ్మదైన రైడ్లు. ఇలా అయితే లోపల మార్చుకునేది రెండుసార్లే. బిర్యానీ తిన్న వెంటనే తిరుగుడు రైడ్ ఎక్కితే వాంతి ఖాయం, ముప్పావు గంటైనా ఆగండి.

ఫిల్మ్ సిటీ, వండర్‌లా ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా దగ్గరే కదా అని రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు. ఫిల్మ్ సిటీ 1,666 ఎకరాలు. బస్సుల్లో తిప్పినా దిగడం, ఎక్కడం, నడక తప్పవు. సెట్లు, ప్రదర్శనలు ఉంటాయి గనుక అమ్మమ్మ, మూడేళ్ల పాప ఉన్న కుటుంబానికి అదే నయం. పన్నెండు దాటిన పిల్లలే ఎక్కువైతే వండర్‌లా. విజయవాడ వైపు నుంచి రోడ్డు మార్గాన వచ్చేవారికి ఫిల్మ్ సిటీ నగరంలోకి రాకముందే, హయత్‌నగర్ కంటే ముందే తగులుతుంది. సికింద్రాబాద్ దాకా పోయి వెనక్కి రావడం దండగ. రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన పిల్లలను అదే పొద్దున తీసుకెళ్లకండి. ఆదివారం, రెండో శనివారం, పండగ వారం మానుకుని, మంగళ, బుధవారాలు చూసుకోండి.

పార్కుల వారికి ఒక విన్నపం. ఆన్‌లైన్‌లో టికెట్ కొన్నవారి ఫోనుకు వచ్చే మెసేజ్‌లోనే ఎత్తు, బట్టల నియమాలు తెలుగులో పంపించండి. మీ పత్రిక కూడా సెలవులకు వారం ముందు జిల్లా పేజీల్లో వీటిని ఒక చిన్న పెట్టెలో వేస్తే, బట్టలు కొనుక్కోవడానికి జనానికి వ్యవధి ఉంటుంది.

– ఒక పాఠకురాలు, ఎల్బీనగర్